కర్రది బరువు, రేకుది పాట

దక్షిణాఫ్రికాలో జులూలు ఇగోగోగో అని పిలిచే వాద్యం ఒకటుంది. అయిదు లీటర్ల నూనె డబ్బా, దాన్ని పొడుచుకుని వచ్చిన ఒక కర్ర, కర్ర మీద తీగలు. ఫొటోలో చూస్తే పిల్లల ఆటబొమ్మలా కనిపిస్తుంది. దీని గురించి రాసేవాళ్లు చాలామంది డబ్బా దగ్గరే ఆగిపోతారు. కొనే స్తోమత లేక చెత్తలోంచి గిటారు పుట్టించారని జాలిపడుతూ మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు నాకు సగమే రుచిస్తుంది. స్తోమత లేదన్న మాట నిజమే. కానీ డబ్బుల్లేనివాళ్లు లోకమంతా ఉన్నారు, ఖాళీ డబ్బాలూ లోకమంతా ఉన్నాయి. అన్నిచోట్లా డబ్బా గిటారు కాలేదు. దీన్ని వెనక్కి తిప్పి, తీగలు ఎక్కడ ముడిపడ్డాయో చూస్తే చేసినవాడి బుర్ర ఎంత పదునైనదో తెలుస్తుంది.

ముందు ఆ ముడి సంగతే చూద్దాం. దుకాణంలో కొన్న గిటారుకి మెడ పెట్టె అంచు దాకా వచ్చి ఆగిపోతుంది. తీగల రెండో కొస పెట్టె ముఖానికి అతికించిన గుర్రంలో (బ్రిడ్జిలో) బిగిసి ఉంటుంది. అంటే తీగల లాగుడంతా పల్చటి చెక్క పలకే మోయాలి. ఉక్కు తీగల మామూలు అకూస్టిక్ గిటారులో ఆరు తీగలూ కలిసి దాదాపు 70 కిలోల బరువుతో లాగుతూ ఉంటాయి. అందుకే ఆ పలక కింద అడ్డబద్దలు అతికిస్తారు. అతికించినా పదేళ్లు పోయేసరికి గుర్రం వెనక పలక ఉబ్బిన గిటార్లు కోకొల్లలు. ఈ బరువు డబ్బా రేకుకి అప్పగిస్తే గంట కూడా నిలబడదు. మెడ దిగిన చోట రేకు నలిగి, మెడ ముందుకు వాలిపోతుంది.

ఇగోగోగోలో కర్ర ఎక్కడా ఆగదు. డబ్బా ఒక కొసన లోపలికి దూరి, రెండో కొసన కాస్త బయటికి వస్తుంది. తీగలు ఆ బయటికొచ్చిన ముక్కకే కడతారు. కాబట్టి లాగుడు కర్ర ఒక చివర మొదలై కర్ర రెండో చివరే తీరిపోతుంది. డబ్బాకి అందులో వాటా లేదు. రేకు మీద పడేది గుర్రం నొక్కే నొక్కుడు ఒక్కటే. అదెంతో లెక్క కట్టవచ్చు. సన్నరకం తీగల సెట్టు లాగుడు 45 కిలోలనుకుంటే, ఆ తీగలు గుర్రం ఎక్కి దిగేటప్పుడు అయిదు డిగ్రీలు వంగితే కిందికి పడే బరువు నాలుగు కిలోలు. డెబ్భై కిలోల కూలి చేయలేని రేకు నాలుగు కిలోలు మోయగలదు. మోస్తూ పాడగలదు కూడా. ఈ పని విభజన చూసే నేను ఈ వాద్యానికి దాసోహం అన్నాను.

ఇది ఒక్క డబ్బా గిటారు సొత్తు కాదు. బాంజోలో గుండ్రటి చట్రం మధ్యలోంచి ఇలాంటి కర్రే పోతుంది. 1927లో అమెరికాలో నేషనల్ కంపెనీ జాన్ డోపియెరా రూపకల్పనతో లోహపు ఒళ్లున్న రెజోనేటర్ గిటార్లు తెచ్చింది. ఖరీదైన జర్మన్ సిల్వర్ పెట్టె, లోపల అల్యూమినియం శంకువులు, పెట్టె లోపల పొడుగునా ఒక కర్ర. అంత ఖర్చు పెట్టిన కంపెనీ ఇంజనీర్లూ, చేతిలో రేకు కత్తెర తప్ప మరేమీ లేని పల్లెటూరి కుర్రాడూ లోహపు పెట్టె ముందు కూర్చుంటే చివరికి ఒకే జవాబు దగ్గర తేలారు.

ఈ వంశం పాతది. దీని తాత రామ్‌కీ. 1730ల్లో కేప్‌లో ఉన్న మెంట్సెల్ అనే జర్మన్, అక్కడి ఖోయిఖోయిలు సొరబుర్రకి మెడ పెట్టి మూడు నాలుగు తీగలు కట్టి వాయించడం చూసి రాసిపెట్టాడు. ఆ శతాబ్దం చివర్లో అక్కడ తిరిగిన ఫ్రెంచి యాత్రికుడు లె వయాన్ కూడా దాన్ని వర్ణించాడు. మెంట్సెల్ రాసినదాంట్లో మనవాళ్లు చెవి నిక్కించాల్సిన మాట ఒకటుంది: ఈ వాద్యం మలబారు బానిసల ద్వారా అక్కడికి వచ్చిందట. డచ్ ఈస్టిండియా కంపెనీ మలబారు నుంచే కాదు, బెంగాల్ నుంచీ, పులికాట్, మచిలీపట్నం ఉన్న మన కోరమాండల్ తీరం నుంచీ మనుషుల్ని ఓడల్లో కుక్కి కేప్‌కి తీసుకుపోయింది. కిన్నెరకి సొరబుర్రలు కట్టే దేశం నుంచి వెళ్లినవాళ్ల చేతుల్లో సొరబుర్ర వాద్యం ఉండటంలో వింత లేదు. అంతకుమించి నేను లాగను. ఏ తీరంవాడి చేయి ముందు పడిందో తేల్చే కాగితం నేను చూడలేదు. అయినా రామ్‌కీ ఊరూపేరూ వెతికితే హిందూ మహాసముద్రం ఈవలి ఒడ్డు దాకా రావాల్సి ఉంటుందన్నది మాత్రం నిజం.

సొరబుర్ర ఎప్పుడు పోయి డబ్బా ఎప్పుడు వచ్చిందంటే తేదీ చెప్పడం కష్టం. కిరసనాయిలు, ఇంజనాయిలు డబ్బాల్లో ఊరూరా చేరాక మారిందని మాత్రం చెప్పవచ్చు. పెర్సివల్ కర్బీ 1934లో దక్షిణాఫ్రికా వాద్యాల మీద పెద్ద పుస్తకం వేసేనాటికి రామ్‌కీకి రేకు ఒళ్లు వచ్చేసింది. మార్పు అనుకున్నంత పెద్దది కాదు. మెడ ఎప్పట్నుంచో బుర్రలోకి దూరేదే. ఇప్పుడు డబ్బాలోకి దూరింది.

కానీ రేకు సొరబుర్ర లాంటిది కాదు, గిటారు చెక్క లాంటిది అసలే కాదు. డబ్బా రేకంటే తగరం పూత పూసిన ఉక్కు. మందం ఇంచుమించు 0.3 మిల్లీమీటర్లు. గిటారు ముఖానికి వాడే స్ప్రూస్ పలక మూడు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. పదో వంతు మందమే కదా, రేకు తేలిక అనుకుంటాం. కాదు. ఉక్కు సాంద్రత ఎక్కువ కాబట్టి చదరపు గజానికి తూస్తే రేకే రెట్టింపు బరువు. పోనీ బిగువైనా ఉందా అంటే అదీ లేదు. వంగకుండా నిలిచే శక్తిలో, నార వెంబడి చూస్తే, స్ప్రూస్ పలక ఈ రేకుకి నలభై రెట్లు. బరువెక్కువ, బిగువు తక్కువ. సంగీతానికి ఇంతకన్నా పనికిమాలిన లక్షణాలు ఉండవని పుస్తకం చదివినవాడు అంటాడు. పెద్ద డబ్బా పక్కన బొటనవేలితో నొక్కండి. టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే టక్కుమని బయటికొస్తుంది. గుర్రం కింద అదే జరిగితే తీగ ఎత్తు మారిపోయి శ్రుతి చచ్చిపోతుంది.

అందుకని ఎరిగినవాడు డబ్బాని ఏరుకునేటప్పుడే సగం పని చేసేస్తాడు. సొట్టలు పడ్డది వద్దు. పక్కల మీద గీతలుగా నొక్కి గట్టిపరచిన డబ్బా అయితే మేలు, ఆ గీతలు రేకుకి వెన్నెముకలు. పైనా కిందా మూత మడతపెట్టి కుట్టినట్టు బిగించిన అంచులు చెక్కుచెదరకుండా ఉండాలి, డబ్బా ఆకారం నిలబెట్టేవి అవే. ఆ అంచుని కోసేవాడు డబ్బాని చంపినట్టే. గుర్రం పాదం వెడల్పుగా ఉండాలి. సన్న పాదమైతే రేకు మీద సొట్ట వేస్తుంది, రెండువేళ్ల వెడల్పు చెక్కముక్క అయితే బరువు పరుచుకుంటుంది. గుర్రాన్ని అతికించరు, మేకు కొట్టరు. తీగల నొక్కుడుతోనే నిలుస్తుంది. దానివల్ల ఇంకో లాభం ఉంది, అది మెట్ల దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను.

నూనె పూర్తిగా పోవాలి. వేడినీళ్లు, సబ్బు, ఇసుక వేసి ఊపి ఊపి కడగాలి. లోపల జిడ్డు పొర మిగిలితే మోత మందగిస్తుంది, పైగా అవతల వాయించేవాడి చొక్కా సంగతి చెప్పక్కర్లేదు. పెట్రోలు డబ్బా జోలికి పోకపోవడం మంచిది. ఖాళీ అయిందనుకున్న డబ్బాలో ఆవిరి ఉంటుంది, టంకం కడ్డీ తగిలితే పేలుతుంది.

ఇక కోత. మెడ దూరడానికి చతురస్రంగా రేకు కోసి పారేసేవాళ్లుంటారు. పని వస్తుంది గానీ అందం లేదు, కోసిన అంచు కత్తిలా ఉండి చేతికీ కర్రకీ గీసుకుంటుంది. నాకు నచ్చే పద్ధతి వేరు. మెడ వెడల్పున పైనా కిందా రెండు గీతలు, వాటిని కలుపుతూ మధ్యలో నిలువుగా ఒకటి. రేకు రెండు తలుపుల్లా తెరుచుకుంటుంది. ఆ తలుపుల్ని బయటికి మడిచి, కర్రకి రెండు పక్కలా ఆనించి చిన్న మేకులు కొడితే చాలు. పదును అంచు మడతలో దాక్కుంటుంది. మెడ కదలకుండా పట్టు దొరుకుతుంది. పారేసిన రేకు చిన్నమెత్తు లేదు. ఎక్కడన్నా సందు మిగిలితే టంకం పోయవచ్చు. తగరం పూత ఉంది కాబట్టి టంకం పిలిచినట్టే వచ్చి అంటుకుంటుంది.

లోపల కర్ర డబ్బా ముఖానికి తగలకూడదు. దీన్ని మరిచిన డబ్బా గిటారు మూగ. కర్రకీ ముఖం రేకుకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ ఉంటేనే రేకు స్వేచ్ఛగా ఆడుతుంది. అందుకోసం మంచి పనివాడు డబ్బాలో ఉండే భాగం మేరకు కర్రని ముఖం వైపు నుంచి ఉలితో చెక్కి సన్నం చేస్తాడు. మరీ చెక్కితే అక్కడే వంగుతుంది. మెడలో ఇనుప కడ్డీ ఏమీ ఉండదు కాబట్టి ముందే గట్టి కర్ర, నార తిన్నగా ఉన్నది, ముడులు లేనిది ఏరుకోవాలి. పెట్టెల చెక్క, సామాన్లు మోసే చట్రాల చెక్క ఎక్కువగా దొరుకుతాయి. దుకాణం గిటారు మెడ కంటే దీని మెడ లావుగా ఉండటం నైపుణ్యం తక్కువై కాదు.

గాలి పోవడానికి కంత కావాలి కదా. చాలా డబ్బాలకి అది పుట్టుకతోనే ఉంది. నూనె పోసుకునే మూతి తీసేస్తే అదే స్వరరంధ్రం. నాలుగు సెంటీమీటర్ల కంత, అయిదు లీటర్ల గాలి అనుకుని లెక్కిస్తే ఆ డబ్బాలో గాలి తనంతట తాను 150 హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది. పెద్ద గిటారులో ఇది 100 దగ్గర ఉంటుంది. గిటారు లావు తీగ స్వరం 82. అందుకే డబ్బా గిటారులో మంద్ర స్థాయికి కడుపు ఉండదు, లావు తీగ మీటితే అసలు స్వరం కంటే దాని పై స్వరాలే ఎక్కువ వినిపిస్తాయి. వినికిడికి అది ముక్కుతో పాడిన పాటలా ఉంటుంది. కొందరికి అది లోపం. నాకైతే ఆ ముక్కు లేని ఇగోగోగో వినబుద్ధి కాదు.

మెట్ల విషయంలో నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే డబ్బా ఎంత బాగున్నా మెట్లు తప్పితే అది వాద్యం కాదు. మెట్టుకి వాడేది ఏదైనా కావచ్చు: తల తీసేసిన మేకు, సైకిల్ చువ్వ ముక్క, కంచె తీగ. రంపంతో సన్న గాడి కోసి బిగిస్తే సరి. ఎక్కడ కోయాలన్నదే చిక్కు. ఫ్యాక్టరీలో సూత్రం ఉంది: తీగ పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం, మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. 600 మిల్లీమీటర్ల తీగకి మొదటి మెట్టు 33.7 దగ్గర, రెండోది అక్కణ్ణుంచి 31.8 దూరాన. క్యాలిక్యులేటర్ లేకపోతే? ఒక పురికొస తీగ పొడవున కోయండి. సగానికి మడిస్తే పన్నెండో మెట్టు. మూడు మడతలు వేస్తే తలవైపు నుంచి ఒక మడత దూరాన ఏడో మెట్టు. నాలుగు మడతలు వేస్తే అలాగే అయిదోది. 600 మిల్లీమీటర్ల మీద ఈ మడతలకీ ఫ్యాక్టరీ సూత్రానికీ తేడా అర మిల్లీమీటరు మాత్రమే, అది మెట్టు మందం కంటే తక్కువ. మిగతా మెట్లు ఈ మూడింటి మధ్య చెవితో సర్దుకోవచ్చు. బొబ్బిలి వీణకి మైనంలో మెట్లు నిలిపేవాడు కూడా చివరికి చెవినే నమ్ముతాడు, కాకపోతే మైనం మెత్తన కాబట్టి అతనికి దిద్దుకునే వీలుంది. గాడి కోసినవాడికి లేదు.

గుర్రం అతికించకపోవడం ఇక్కడ అక్కరకొస్తుంది. మెట్టు మీద తీగ నొక్కినప్పుడు అది కాస్త సాగుతుంది, స్వరం కాస్త పైకి పోతుంది. దాన్ని సరిచేయడానికి గుర్రాన్ని లెక్క ప్రకారం ఉండాల్సిన చోటికంటే రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపాలి. పన్నెండో మెట్టు మీద తీగని ఊరికే తాకి మీటిన స్వరమూ, గట్టిగా నొక్కి మీటిన స్వరమూ ఒక్కటయ్యే దాకా జరిపి చూసుకోవడమే. అతికించిన గుర్రంతో ఈ సుఖం లేదు.

తీగలకి సైకిల్ బ్రేకు కేబుల్ విప్పేవాళ్లున్నారు. ఇది వినగానే మొరటుగా అనిపిస్తుంది. కేబుల్ లోపలి తీగ 1.5 మిల్లీమీటర్ల మందం, సాధారణంగా 19 పోగులు. లెక్క వేస్తే ఒక్కో పోగు 0.3 మిల్లీమీటర్లు. దుకాణంలో గిటారు మొదటి తీగ కూడా రమారమి అంతే మందం. అంటే సైకిల్ కొట్టువాడు పారేసిన తెగిన కేబుల్‌లో మంచి ఉక్కుతో సరైన కొలతలో తీగలు ముందే తయారై ఉన్నాయి. మెలి తిరిగిన పోగుని నెమ్మదిగా లాగి తిన్నగా చేసుకోవాలి, లేకపోతే స్వరం ఊగుతుంది. సన్న తీగల వరకే ఈ ఉపాయం. లావు తీగకి రాగి చుట్టింది కొనుక్కోక తప్పదు, లేదా చేపలు పట్టే లావు నైలాన్‌తో సరిపెట్టుకోవాలి.

ఇలాంటి తీగ తెగిపోయే హద్దుకి దగ్గరగా పనిచేస్తుంది కాబట్టి మొదటి తీగని పెద్ద గిటారులా ఇ దాకా బిగించడం సాహసం. రెండు మెట్లు దించి డి దగ్గర ఆపితే లాగుడు అయిదో వంతు తగ్గుతుంది. చిత్రమేమంటే జులూల మస్కాందా సంగీతంలో మొదటి తీగని డి లోనే పెట్టడం ఆనవాయితీ. వాళ్లకి అది రాగం కోసం పెట్టుకున్న శ్రుతి. డబ్బా వాయించేవాడికి మాత్రం తీగ కూడా మిగులుతుంది.

మస్కాందా పేరెత్తాను కాబట్టి ఆ చెయ్యి గురించి చెప్పాలి. జాన్ బెంగు, అంటే జనం ఫుజుషుకెలా అని పిలుచుకున్నాయన, ఈ సంగీతానికి గిటారు చెయ్యి దిద్దిపెట్టాడు. తీగలన్నీ ఒక్కసారి గీరకుండా, బొటనవేలితో కింది స్వరాలు, చూపుడువేలితో పై వరస, ఎడతెరిపి లేకుండా మీటుతూ పోవడం. పాటకి ముందు ఇసిహ్లాబో అని ఒక వేగమైన ఎత్తుగడ వాయించి, తన శ్రుతి ఏమిటో, వేళ్లు ఎంత చురుకో చూపిస్తారు. ఇప్పుడు రేకు దగ్గరికి రండి. బిగువు లేని రేకు తీగలోని శక్తిని గబుక్కున లాగేసుకుంటుంది. స్వరం ఒక్కసారి గట్టిగా పేలి, వెంటనే చల్లారుతుంది. స్ప్రూస్ పలక మీద ఒక్క స్వరం మీటి అది కరిగేదాకా వినడంలో ఉన్న సుఖం ఇక్కడ దొరకదు. కానీ ఆగకుండా మీటే చేతికి అది అక్కర్లేదు. ముందు స్వరం పోయి చోటు ఖాళీ చేస్తేనే వెనకది స్పష్టంగా వినపడుతుంది. ఆరుబయట, చుట్టూ జనం మాట్లాడుకుంటుంటే మొదట వినపడేదీ ఆ పేలుడే. పనికిమాలినవని పుస్తకం తేల్చిన లక్షణాలే ఈ సంగీతానికి కావలసినవి. ఉమ్‌జింటో ప్రాంతంనుంచి వచ్చిన షియానీ న్గ్‌కోబో ఇగోగోగో మీదే వాయించడం మొదలుపెట్టి, తర్వాత క్వాజులు-నటాల్ విశ్వవిద్యాలయంలో మస్కాందా నేర్పే దాకా వెళ్లాడు. 2004లో వచ్చిన ఆయన ఆల్బమ్ దొరికితే వినండి. ఆ వేళ్లు స్వరాన్ని లాగి కూర్చోపెట్టవు.

ఇప్పుడు కేప్‌టౌన్‌లో ఇంజనాయిలు డబ్బాకి చక్కటి మెడ, ఇనుప బిరడలు, పికప్ బిగించి ఎలక్ట్రిక్ గిటార్లుగా చేసి అమ్ముతున్నారు. టౌన్‌షిప్ గిటార్స్ అనే సంస్థ వాటితో పేరు తెచ్చుకుంది. వాటిని నకిలీ అనేవాళ్లతో నేను కలవను. శ్రుతి నిలుస్తుంది, మెట్లు సరిగ్గా ఉంటాయి, వాయించేవాడికి కావలసింది అదే. అయితే పికప్ అయస్కాంతం పట్టేది తీగ కదలికని. అందువల్ల డబ్బా సగం నోరు మూసుకున్నట్టే. పూర్తిగా కాదు, ఎందుకంటే డబ్బా కూడా ఉక్కే. అయస్కాంతం పక్కన ఆ రేకు వణికితే అదీ కాస్త స్పీకర్లోకి ఎక్కుతుంది. ఆ గిటార్లలో మంచివాటి గొంతు ఈ పొరపాటు వల్లే వచ్చిందని నా అనుమానం.

ఒకవేళ మీకు ఇలాంటిది కొనే అవకాశం వస్తే ముందు బొమ్మా రంగూ చూడకండి. డబ్బా అడుగున కర్ర కొస బయటికొచ్చిందా లేదా చూడండి. రాకపోతే దించేయండి. మూతి కంతలోంచి వేలు పెట్టి కర్రకీ ముఖానికీ మధ్య ఖాళీ ఉందేమో తడమండి. పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి తాకి, ఒకసారి నొక్కి మీటండి. ఈ మూడూ కుదిరితే రేకు తుప్పు పట్టినా భయం లేదు. తీగలు విప్పి, అడుగున కర్రని పట్టిన స్క్రూ ఉంటే అదీ తీసి, మెడ దగ్గర మేకులు పీకి, అదే కర్రకి కొత్త డబ్బా తొడుక్కోవచ్చు. మెట్లు, బిరడలు, మెడ మీద వేళ్లకి అలవాటైన నునుపు అన్నీ కర్రతోనే ఉంటాయి. గొంతు మాత్రం కొత్త డబ్బాది వస్తుంది, దానికి ఓ వారం అలవాటు పడాలి.